బైపాస్‌లో పంపు వాడితే మతి తగ్గుతుందా? నాన్నగారి విషయంలో వచ్చే వారం లోపల మాట చెప్పాలి

గౌతమిపాయ
నాన్నగారికి అరవై ఎనిమిదేళ్లు. అమలాపురం దగ్గర అగ్రహారం మాది. కృష్ణ యజుర్వేదం ఘనాంతం, అంటే పదాలను వరస మార్చి చెప్పే ఘనపాఠం వరకు చదివారు, ఇప్పటికీ పొద్దున్నే అరుగు మీద పిల్లలకు సంత చెబుతారు, అంటే తను చెప్పి వాళ్లచేత చెప్పించి వేదం నేర్పుతారు. కొన్ని నెలలుగా నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టేస్తోంది. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాలూ మూసుకుపోయాయని తేలింది. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. బైపాస్ చేయాల్సిందేనని కాకినాడలోనూ రాజమహేంద్రవరంలోనూ ఒకే మాట చెప్పారు. తేడా చేసే పద్ధతిలో వచ్చింది. కాకినాడ డాక్టరుగారు గుండె కొట్టుకుంటుండగానే, పంపు లేకుండా చేస్తానన్నారు. రాజమహేంద్రవరం డాక్టరుగారు గుండె ఆపి, పంపు మీద (గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం మీద) పెట్టి చేస్తేనే కుట్లు నిదానంగా, గట్టిగా పడతాయన్నారు.

ఇంటికి వచ్చే చుట్టాలందరిదీ ఒకటే పాట. పంపు మీద పెడితే మతి పోతుంది, ఫలానావారు మనుషుల్ని గుర్తుపట్టడం మానేశారు అని. నాన్నగారు అది వింటున్నారు. నిన్న రాత్రి నన్ను పిలిచి, "ప్రాణం పోతే పోనీ అమ్మా, పనస పోకూడదు" అన్నారు. పనస అంటే వేదపాఠంలో ఒక భాగం. ఆయనకు పుస్తకం అక్కర్లేదు, ఉన్నదంతా నోట్లోనే ఉంది. అది పోతే ఆయనకు మిగిలేది ఏమీ లేదు. తెలిసినవారు నిజం చెప్పండి. పంపుకూ జ్ఞాపకశక్తికీ ఉన్న సంబంధం ఎంత?

రొయ్యలచెరువు_భీమవరం
పంపు వద్దు. ఇంతకన్నా చెప్పేది లేదు.

మా నాన్నకు కిందటేడాది పంపు మీద చేశారు. అంతకుముందు అయిదు చెరువులకు ఏ పూట ఎన్ని కేజీల మేత వేయాలో కాగితం చూడకుండా చెప్పేవాడు. రొయ్యను చేతిలోకి తీసుకుని కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలు) ఎంతో చెబితే తక్కెడ కూడా అదే చెప్పేది. ఇప్పుడు సాయంత్రమైతే అడిగిందే అడుగుతాడు. మోటార్లు వేశారా అని అడుగుతాడు, వేశామంటే అయిదు నిమిషాలకు మళ్లీ అదే. ఊరికే కసురుకుంటాడు, చేతులు వణుకుతాయి. ఆపరేషన్‌కు ముందు ఈ లక్షణం ఒక్కటి కూడా లేదు. ఎవరేం లెక్కలు చూపించినా నా కళ్లముందు కనబడుతున్నది ఇది.

నరసాపురం_లేసు
@రొయ్యలచెరువు_భీమవరం, మా అమ్మకు పంపు లేకుండానే చేశారు. అయినా మాకు అదే తంతు. అమ్మ చిన్నప్పటి నుంచి లేసు అల్లుతుంది. గుండ్రటి టేబుల్ గుడ్డ ఎంత పెద్దదైనా వరసలూ గొలుసులూ అన్నీ మనసులోనే లెక్క. ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక కొక్కెం పట్టుకుని కూర్చుని, నాలుగో వరస దగ్గర ఆగిపోయేది. విప్పడం, మళ్లీ మొదలుపెట్టడం. ఒకరోజు ఏడ్చేసింది. వినాయక చవితికి అలా ఉంది. సంక్రాంతికి నా కూతురి ఓణీకి అంచు మొత్తం అల్లేసింది, ఒక్క ముడి తేడా లేకుండా. పంపు లేకపోయినా మరుపు వచ్చింది, వచ్చినది పోయింది కూడా. అందుకని పంపు ఒక్కదాన్నీ తప్పు పట్టడం నాకు సరిగా తోచదు.

కొబ్బరిదింపు
గౌతమిపాయ గారూ, నాన్నగారికి షుగర్ ఉందన్నారు, స్టంట్లతో సరిపెట్టకూడదా? ఛాతీ కోయడమెందుకు, మతి గురించి భయమెందుకు?

తణుకు_లెక్కలమాస్టారు
@కొబ్బరిదింపు, షుగర్ ఉండి ఎక్కువ నాళాలు మూసుకుపోయినవారి విషయంలో ఆ ప్రశ్నకు జవాబు వచ్చింది. ఫ్రీడమ్ అనే అధ్యయనంలో 1900 మందిని తీసుకున్నారు, ఫలితం 2012లో వచ్చింది. అయిదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం మూడూ కలిపి చూస్తే స్టంట్లు వేసినవారిలో 26.6 శాతం, బైపాస్ చేసినవారిలో 18.7 శాతం. పక్షవాతం ఒక్కటే తీసుకుంటే మాత్రం బైపాస్‌లో ఎక్కువ, 5.2 శాతం, స్టంట్లలో 2.4. ఈ రెండో అంకె కూడా నాన్నగారి ముందు పెట్టాలి, దాచకూడదు. మొత్తం మీద ఇద్దరు డాక్టర్లూ బైపాస్ అన్నారంటే ఊరికే అనలేదు.

ఇక మతి కోసం స్టంట్ ఎంచుకోవడం. అమెరికాలో పెద్దవయసువారిని ఏళ్ల తరబడి గమనించే ఒక సర్వే నుంచి 1680 మందిని తీసి 2021లో లెక్క చూశారు. స్టంట్లు వేయించుకున్నవారిలోనూ బైపాస్ చేయించుకున్నవారిలోనూ ఆ తర్వాత జ్ఞాపకశక్తి తగ్గే వేగంలో తేడా కనబడలేదు.

నాకూ బైపాస్ అయింది, పంపు మీదే. త్రికోణమితి ఇప్పటికీ నల్లబల్ల మీద పుస్తకం లేకుండానే చెబుతున్నాను. అయితే నేనొక్కడినీ రుజువు కాను, చెరువుల పెద్దాయన ఒక్కరూ రుజువు కారు. ఒక్కొక్కరి కథతో ఇది తేలేది కాదు. రాత్రికి కూర్చుని పంపు అధ్యయనాల సంగతి వివరంగా రాస్తాను.

కొబ్బరిదింపు
సరే మాస్టారూ. అంకెలు రాసేటప్పుడు కొంచెం నెమ్మదిగా రాయండి, మీ క్లాసులో వెనక బెంచీవాళ్లం కూడా ఉన్నాం.

యానాం_గాలి
ఈ "పంపు మతి" అనే భయం మన చుట్టాలు పుట్టించింది కాదు. అమెరికాలోనే పంపుకు ముడిపెట్టి దీనికొక పేరు పెట్టారు. మా అన్నయ్య అక్కడ ఉంటాడు, వాళ్ల ఆసుపత్రుల్లోనూ ఈ మాట నడుస్తుందట.

పంపుదగ్గరిమనిషి
ఆ పంపు నడపడమే నా వృత్తి. రాజమహేంద్రవరంలో ఉంటాను, ఏ ఆసుపత్రి అన్నది అనవసరం. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం తగ్గుతుంది, మిగతా సగం సరైన చోటికి మళ్లుతుంది.

పంపు మీద పెట్టడమంటే, గుండె కుడి గదిలోకి వచ్చే చెడు రక్తాన్ని గొట్టంతో బయటికి తీసి, ఆక్సిజన్ కలిపే పరికరం గుండా, వడపోత గుండా పంపి, మహాధమనిలోకి, అంటే గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద నాళంలోకి, తిరిగి ఎక్కించడం. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం. మహాధమనికి అడ్డంగా క్లాంప్ వేసి, పొటాషియం ఉన్న ద్రవంతో గుండెను నిలిపేస్తారు. కదలని గుండె మీద సర్జన్ కుట్లు వేస్తారు. పని అయ్యాక క్లాంప్ తీస్తే గుండె మళ్లీ కొట్టుకుంటుంది.

మెదడుకు దెబ్బ ఎలా తగలవచ్చు? గొట్టాల్లో నుంచి సన్నని గాలి బుడగలు, కొవ్వు రేణువులు పోవచ్చు. రక్తం ప్లాస్టిక్‌కు తగలడం వల్ల ఒళ్లంతా వాపు స్వభావం వస్తుంది. ఈ రెండూ నిజంగా పంపు వల్ల వచ్చేవే. కానీ నేను ఎక్కువగా భయపడేది మూడోదానికి. పెద్దవయసువారిలో, షుగర్ ఉన్నవారిలో మహాధమని లోపలి గోడకు సున్నం పట్టి ఉంటుంది. దాన్ని క్లాంప్‌తో నొక్కితే, పాత మిద్దె గోడకు మేకు కొట్టినప్పుడు పెచ్చులు రాలినట్లు లోపల రాలుతుంది. ఆ పెచ్చు నేరుగా మెదడుకు పోగలదు.

ఇప్పుడు అసలు సంగతి. పంపు లేకుండా చేసినప్పుడు గుండెలో పనిచేసే చోటును మాత్రం స్టెబిలైజర్‌తో కదలకుండా పట్టి ఉంచుతారు. అంతా బాగానే ఉంటుంది. కానీ కాలి నరాన్ని వాడితే దాని రెండో కొసను మహాధమనికే కుట్టాలి. దానికి పక్కనుంచి క్లాంప్ వేసే సర్జన్లు ఎక్కువ. అంటే పంపు లేకపోయినా మహాధమనిని ముట్టుకున్నట్లే. పైగా వెనక వైపు నాళాలకు కుట్టడానికి గుండెను ఎత్తి పట్టుకున్నప్పుడు రక్తపోటు పడిపోతుంది. ఆ నిమిషాల్లో మెదడుకు రక్తం తక్కువ అందుతుంది. మధ్యలో పరిస్థితి తిరగబడితే అప్పటికప్పుడు పంపు మీదికి మార్చాలి, ఆ హడావిడి అన్నిటికన్నా ప్రమాదం.

కాబట్టి గౌతమిపాయ గారు అడగవలసింది "పంపా, కాదా" ఒక్కటే కాదు. "మా నాన్నగారి మహాధమని ఎలా ఉంది? సున్నం ఎంత ఉంది? ఉంటే దాన్ని ముట్టకుండా చేయగలరా?" అని అడగాలి. ఛాతీ లోపలి ధమనులు రెండింటినీ వాడి, ఒకదానికొకటి కలిపి, మహాధమని జోలికే పోకుండా చేసే పద్ధతి ఉంది. గట్టిగా సున్నం పట్టినవారికి పంపు లేకుండా, మహాధమనిని ముట్టకుండా చేయడానికి నిజంగా విలువ ఉంది. మామూలు మహాధమని అయితే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది.

సఖినేటిపల్లి_రేవు
పంపు నడిపేవారే పంపు లోపాలు చెబితే నమ్మకం కలుగుతుంది.

రొయ్యలచెరువు_భీమవరం
@పంపుదగ్గరిమనిషి, గాలి బుడగలు పోవచ్చని మీరే అన్నారు. మరి మాకు సంతకం పెట్టించుకునేటప్పుడు ఈ ముక్క ఎవరూ ఎందుకు చెప్పలేదు? కాగితాల కట్ట ముందు పెట్టి, వేలు ఎక్కడ చూపితే అక్కడ సంతకం పెట్టమన్నారు.

పంపుదగ్గరిమనిషి
చెప్పి తీరాలి. ఆ విషయంలో మీ కోపం న్యాయం.

తణుకు_లెక్కలమాస్టారు
చెప్పినట్లు రాస్తున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది.

యానాం_గాలి గారన్న భయానికి పెద్ద ఊపు 2001లో వచ్చింది. డ్యూక్ విశ్వవిద్యాలయంవారు బైపాస్ అయిన 261 మందిని పరీక్షించారు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు 53 శాతం మందికి మేధాశక్తిలో తగ్గుదల కనబడింది. ఆరు వారాలకు అది 36కు, ఆరు నెలలకు 24కు దిగింది. అయిదేళ్లకు మళ్లీ 42కు ఎక్కింది. ఆ చివరి అంకెను పట్టుకుని పంపు మెదడును తినేస్తుందని ప్రపంచమంతా అనుకుంది. అందులో లోటు ఒక్కటే. అదే వయసు, అదే గుండెజబ్బు ఉండి ఆపరేషన్ చేయించుకోనివారిని పక్కన పెట్టి చూడలేదు. తర్వాత జాన్స్ హాప్‌కిన్స్‌వారు ఆ పని చేశారు. గుండె నాళాల జబ్బు ఉండి బైపాస్ లేకుండా మందులతో ఉన్నవారిలోనూ ఏళ్లు గడిచేకొద్దీ అదే తరహా తగ్గుదల ఉంది. అంటే ఆలస్యంగా వచ్చే మరుపులో ఎక్కువ భాగం గుండె నాళాలను మూసేసిన జబ్బే మెదడు నాళాల్లోనూ చేస్తున్న పని.

ఇక పంపు ఉన్నవారినీ లేనివారినీ చీట్లు వేసినట్లు విడదీసి చేసినవి. నెదర్లాండ్స్‌లో ఆక్టోపస్ అధ్యయనం, ప్రమాదం తక్కువగా ఉన్న 281 మంది. మూడు నెలలకు తగ్గుదల పంపు లేనివారిలో 21 శాతం, ఉన్నవారిలో 29. ఏడాదికి 30.8, 33.6. అయిదేళ్లకు రెండు పక్షాల్లోనూ సుమారు సగం మంది. మొదట్లో పంపు లేనివారి వైపు కొంచెం మొగ్గు కనబడింది, అదీ నిలవలేదు.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో రూబీ అధ్యయనం, 2203 మంది, 2009. మేధాశక్తి పరీక్షల్లో తేడా లేదు. కానీ ఏడాది తర్వాత చూస్తే వేసిన గ్రాఫ్టులు (అడ్డు దాటించడానికి కుట్టిన కొత్త నాళాలు) తెరిచి ఉన్నవి పంపు లేనివారిలో 82.6 శాతం, పంపు ఉన్నవారిలో 87.8. రాజమహేంద్రవరం డాక్టరుగారు "కుట్లు గట్టిగా పడతాయి" అన్నమాట వెనక ఉన్నది ఇదే.

నరసాపురం_లేసు
అయితే పంపే మంచిదన్నమాటా? అమ్మకు లేకుండా చేశారే!

తణుకు_లెక్కలమాస్టారు
తొందరపడకండమ్మా, మిగిలింది ఉంది. రూబీలో చేసిన సర్జన్లలో కొందరికి పంపు లేని పద్ధతిలో అనుభవం తక్కువని విమర్శ వచ్చింది. తర్వాత కరోనరీ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 19 దేశాలు, 79 ఆసుపత్రులు, 4752 మంది. అందులో మన దేశం కూడా ఉంది, కాబట్టి ఇది తెల్లవాళ్ల లెక్క మాత్రమే కాదు. రెండు పద్ధతుల్లోనూ చేయి తిరిగిన సర్జన్లనే తీసుకున్నారు. ముప్ఫై రోజులకు, ఏడాదికి, అయిదేళ్లకు మరణంలో గానీ గుండెపోటులో గానీ పక్షవాతంలో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మేధాశక్తిలోనూ లేదు. మొదటి నెలలో చూస్తే పంపు లేనివారికి రక్తం ఎక్కించే అవసరం తక్కువ పడింది, కిడ్నీకి దెబ్బ కొంచెం తక్కువ, మళ్లీ నాళం తెరవాల్సి రావడం కొంచెం ఎక్కువ. జర్మనీలో 75 ఏళ్లు దాటినవారి మీద 2539 మందితో చేసిన దానిలోనూ పంపు లేకపోవడం వల్ల ప్రత్యేక లాభం రాలేదు.

నా అభిప్రాయం చెబుతాను. మతి కోసమని పంపు వద్దనడానికి గానీ, పంపే కావాలనడానికి గానీ ఆధారం లేదు. ఆ సర్జన్ చేయి ఏ పద్ధతిలో రోజూ ఆడుతోందో ఆ పద్ధతి మంచిది. మన దేశంలో పంపు లేకుండా రోజూ చేసేవారు చాలామంది ఉన్నారు, అది కూడా గుర్తుంచుకోండి.

కొబ్బరిదింపు
వెనక బెంచీకి కూడా అర్థమైంది మాస్టారూ.

గోదారిగట్టు
చరిత్ర కోసం ఒక మాట. పంపు లేకుండా చేయడం ఈమధ్య వచ్చిన కొత్త విద్య అని చాలామంది అనుకుంటారు. జాన్ గిబ్బన్ ఫిలడెల్ఫియాలో గుండె ఊపిరితిత్తుల యంత్రంతో మొదటిసారి గెలిచింది 1953 మే 6న. వాసిలీ కొలెసోవ్ లెనిన్‌గ్రాడ్‌లో కొట్టుకుంటున్న గుండె మీద ఛాతీ ధమనిని గుండె నాళానికి కలిపింది 1964లో. క్లీవ్‌లాండ్‌లో ఫవలోరో కాలి నరంతో బైపాస్‌కు దారి వేసింది 1967లో. రెండు దారులూ పాతవే.

కాకినాడ_సిస్టరమ్మ
గుండె ఆపరేషన్ల ఐసీయూలో ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేశాను. మీరందరూ "మతి" అని ఒకే సంచీలో వేస్తున్నవి మూడు వేరు వేరు సంగతులు.

మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చే తికమక ఒకటి. రాత్రి పూట లేచి కూర్చుంటారు, గొట్టాలు పీకేస్తారు, కొడుకును చూసి ఎవరు నువ్వంటారు. బంధువులు దాన్ని చూసి జీవితాంతం ఇంతే అనుకుని గుండెలు బాదుకుంటారు. వయసు, నిద్ర లేకపోవడం, జ్వరం, ఆక్సిజన్ తగ్గడం, సోడియం తేడా, కొన్ని నిద్రమందులు, ఇలా ఎన్నో కారణాలు. చాలామందికి కొద్దిరోజుల్లో పోతుంది. కొందరికి వారాలు పడుతుంది, వారిని మాత్రం తర్వాత కూడా జాగ్రత్తగా గమనించాలి.

రెండోది లేసు అమ్మగారికి వచ్చినటువంటిది. చదివింది పట్టుబడదు, లెక్క జారిపోతుంది. వారాల్లోనో నెలల్లోనో తేరుకుంటారు. మూడోది ఏళ్ల మీద మెల్లగా వచ్చేది. మాస్టారు చెప్పినట్లు అది బీపీ, షుగర్, నాళాల జబ్బు సంగతి.

గౌతమిపాయ గారూ, మొదటిదాని విషయంలో ఇంటివాళ్లు చేయగలిగింది చాలా ఉంది. నాన్నగారి కళ్లద్దాలు, వినికిడి యంత్రం ఉంటే అది, కట్టుడు పళ్లు, అన్నీ ఒక సంచీలో పెట్టి సిస్టర్ చేతికివ్వండి. ఐసీయూలోకి పంపిన ప్రతిసారీ ఈరోజు ఏ వారం, ఇప్పుడు పగలా రాత్రా, ఎక్కడున్నారు అన్నవి మామూలుగా మాటల్లో చెప్పండి. ఆయనకు రోజూ నిద్రమాత్ర అలవాటుంటే ముందే చెప్పండి, చుట్టో మందో అలవాటున్నవారైతే అదీ దాచకూడదు. మంచం పక్కన ఏడవకండి.

@రొయ్యలచెరువు_భీమవరం, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ నాన్నగారికి సాయంత్రాలే ఎందుకు? వణుకు అన్నారు, చిరాకు అన్నారు. చెమట పడుతుందా? షుగర్ మాత్రలు వేసుకుంటారా? ఆపరేషన్ తర్వాత తిండి తగ్గిందా?

సఖినేటిపల్లి_రేవు
సిస్టరమ్మ చెప్పిన మొదటి రకం మా పెదనాన్నకు అచ్చంగా జరిగింది. ఐసీయూలో మంచాన్ని పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) అనుకున్నాడు. "ఇంకా కదలదేమిటి, నరసాపురంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు మూసేస్తారు" అని నర్సులను ఒకటే గద్దించడం. చివరికి ఒక కుర్రనర్సు "బయలుదేరిందండీ, ఆటుపోటు చూసుకుని నడుపుతున్నారు, మీరు పడుకోండి" అంటే పడుకున్నాడట. మూడో రోజుకు మామూలు మనిషి. ఆ రిజిస్ట్రేషన్ తర్వాత తనే వెళ్లి చేయించుకున్నాడు, సర్వే నంబర్లు అన్నీ నోటికే చెప్పాడు.

కాకినాడ_సిస్టరమ్మ
ఆ కుర్రనర్సు భలే నడిపింది పంటును. కానీ అలా రోగి మాటకు వంత పాడడం అలవాటుగా చేయకూడదు, మెల్లగా నిజంలోకి తీసుకురావాలి.

యానాం_గాలి
నాలుగోది కూడా ఉంది సిస్టరమ్మా, దిగులు. మా మామయ్యగారు ఆపరేషన్ తర్వాత మాట తగ్గించారు. అడిగితే గుర్తులేదు అనేవారు. అందరం మతిమరుపే అనుకున్నాం. ఆయనకు నిజానికి దేని మీదా మనసు లేదు. డాక్టరు గుర్తించి మందు ఇచ్చి, రోజూ నడవమన్నారు. కొన్ని నెలలకు పేకాటలో ఎవరి చేతిలో ఏ ముక్క ఉందో మళ్లీ చెప్పేస్తున్నారు, ఇప్పుడు ఆయనతో ఆడడానికి ఎవరూ రావడం లేదు.

కొబ్బరిదింపు
మా ఊళ్లో సరస్వతి ఆకు పసరు తాగిస్తారు, జ్ఞాపకశక్తికి. ఘనపాఠిగారికి తెచ్చి ఇవ్వమంటే పెరట్లో ఉంది.

కాకినాడ_సిస్టరమ్మ
బైపాస్ అయినవారు రక్తం పల్చబడే మాత్రల మీద ఉంటారు. ఏ పసరైనా డాక్టరుకు చెప్పకుండా పట్టించవద్దు. మీరు ఆప్యాయంగా అన్నారని తెలుసు, అయినా గట్టిగానే చెబుతున్నాను.

కొబ్బరిదింపు
సరే, ఆకు అలాగే ఉంటుంది. కొబ్బరి కూడా తగ్గించమంటారా? కోనసీమలో అది అడగడమే పాపం.

పంపుదగ్గరిమనిషి
పచ్చడి పూర్తిగా మానక్కర్లేదు. వంటంతా కొబ్బరినూనెతో చేయడం మాత్రం మానాలి, అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. గ్రాఫ్టు వేసినంత మాత్రాన జబ్బు పోలేదు, కొత్త నరాలు కూడా మూసుకుపోగలవు.

గౌతమిపాయ
అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. మాస్టారి పోస్టు ప్రింటు తీసి నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు: "ఆ పరీక్షల్లో వారికి ఏం ఇచ్చి గుర్తుపెట్టుకోమన్నారు?" పదాల పట్టికలు, అంకెలు వెనక్కి చెప్పడం వంటివని చెప్పాను. "వెనక్కి చెప్పడమేగా, జటలో మేం చేసేది అదే" అని నవ్వారు. జట అంటే పదాలను ముందుకూ వెనక్కూ చెప్పే వేదపాఠ పద్ధతి. చాలా రోజుల తర్వాత నవ్వారు.

ఈరోజు మళ్లీ కాకినాడ వెళ్లాం. పంపుదగ్గరిమనిషి గారు చెప్పిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని అడిగాను. డాక్టరుగారు విసుక్కోలేదు. స్కాన్ చూపించి, మహాధమని మొదట్లో సున్నం ఉందని, అందుకే పంపు లేకుండా, ఛాతీ ధమనులు రెండూ వాడి, మహాధమనిని ముట్టకుండా చేద్దామనుకుంటున్నానని చెప్పారు. తను ఎక్కువగా చేసేది అదే పద్ధతి అట. మెడ నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేశారు, అక్కడ పెద్ద అడ్డు లేదు. ఆపరేషన్‌కు ముందే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించమని నేనే అడిగాను, తర్వాత పోల్చి చూసుకోవడానికి. తెలుగులోనే చేశారు. ఒక ప్రశ్న మిగిలింది. షుగర్ ఉన్నవారికి రెండు ఛాతీ ధమనులూ తీస్తే కోసిన ఛాతీ ఎముక మానదంటారు, నిజమా?

పంపుదగ్గరిమనిషి
రెండూ తీస్తే ఎముకకు రక్తం తగ్గుతుంది, షుగర్ ఉన్నవారికి అక్కడ చీము పట్టే ప్రమాదం కొంత పెరుగుతుంది. ధమనిని చుట్టూ కండతో కాకుండా ఒంటిగా ఒలిచి తీస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. ఎలా తీస్తారని అడగండి. మీ వంతుగా ఇప్పటి నుంచే షుగర్ అదుపులో పెట్టండి. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఆలోగా బిందె ఎత్తడం, కుర్చీ లాగడం వద్దు. మెల్లగా పారాయణ చేసుకోవచ్చు, ఊపిరి బాగా తీసుకోవడం ఊపిరితిత్తులకు మేలే. ఎలుగెత్తి ఘన చెప్పడం ఎప్పటి నుంచో మాత్రం సర్జన్‌ను అడగండి.

మీ విషయంలో పంపు లేకపోవడానికి సరైన కారణం దొరికింది. అది చుట్టాలు చెప్పిన కారణం కాదు.

రొయ్యలచెరువు_భీమవరం
సిస్టరమ్మ అడిగిన దానికి జవాబు. సాయంత్రం నాన్న అడిగిందే అడుగుతున్నప్పుడు మిషన్‌తో చూశాను. షుగర్ 58కి పడిపోయింది. చెమటలు పట్టి ఉన్నాయి. పంచదార నీళ్లు ఇచ్చాను, పావుగంటకు మనిషి తేటపడి "మూడో చెరువు మేత తగ్గించండిరా, మబ్బు పట్టింది" అన్నాడు. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆపరేషన్ తర్వాత తిండి సగమైంది, బరువు తగ్గాడు, మాత్ర మాత్రం పాత మోతాదే నడుస్తోంది. కిడ్నీ పరీక్ష కూడా చేయించి మోతాదు తగ్గించారు. ఇప్పుడు సాయంత్రాలు చాలా నయం.

పగటి మరుపు ఇంకా కొంత ఉంది. దానికి పంపు కారణం కాదని నేను ఒప్పుకోను, అవునని మీరు రుజువు చేయమనీ అడగను. కానీ ఇంటికి పంపేటప్పుడు తిండి తగ్గితే మాత్ర తగ్గించుకోవాలని చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఎవరూ ఇవ్వలేదు. ఇది చదివేవాళ్లు ఎవరైనా ఉంటే ఇంటికి వెళ్లే రోజున ఆ మాట గట్టిగా అడగండి.

కాకినాడ_సిస్టరమ్మ
పగటి మరుపుకు బీ12, థైరాయిడ్ చూపించండి. షుగర్‌కు వేసే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడినవారిలో బీ12 తగ్గడం మామూలే. చెవులు కూడా చూపించండి, వినబడకపోతే గుర్తుండదు. ఇంకొకటి అందరికీ: ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది మరుపు కాదు, పక్షవాతం. తెల్లారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

నరసాపురం_లేసు
@రొయ్యలచెరువు_భీమవరం, మా అమ్మకు పని మళ్లీ చేతికి ఎలా వచ్చిందో చెబుతాను. పెద్ద గుడ్డ పక్కన పెట్టి చిన్న చిన్న పువ్వులు ఇచ్చాం అల్లమని. అవి కుదిరాక పెద్దవి. నాన్నగారికి కూడా అయిదు చెరువులూ ఒకేసారి వద్దు. ఒక చెరువు లెక్క ఆయనకే పూర్తిగా వదిలేయండి, మధ్యలో అందుకోకండి.

రొయ్యలచెరువు_భీమవరం
మూడో చెరువు ఇస్తాను. అది ఆయన తవ్వించిందే.

గౌతమిపాయ
నాన్నగారు సరేనన్నారు. వచ్చే గురువారం చేర్చుకుంటారు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద కాగితాలు పెట్టాం. శిష్యులు అప్పుడే వంతులు వేసుకున్నారు, ఎవరు ఏ పూట ఆసుపత్రిలో ఉండాలో. ఆయన మాత్రం తను లేని రోజుల్లో ఎవరికి ఎంతవరకు సంత చెప్పాలో పెద్దశిష్యుడికి రాయించి పెట్టారు.

రక్తం నాలుగు సీసాలు సిద్ధంగా ఉంచమన్నారు. పంపు లేకుండా కాబట్టి అంతా వాడకపోవచ్చట. ఆయనది ఓ నెగటివ్. మా ఇంట్లో నాది ఒక్కటే కలిసింది.

సఖినేటిపల్లి_రేవు
మా తమ్ముడిది ఓ నెగటివ్. బుధవారం సాయంత్రానికి కాకినాడలో ఉంటాడు. ఏ రక్తనిధిలో ఇవ్వాలో మెసేజ్ పెట్టండి.

తణుకు_లెక్కలమాస్టారు
నా పాత విద్యార్థుల గ్రూపులో అడిగాను. రావులపాలెం నుంచి ఒకరు, మండపేట నుంచి ఒకరు వస్తామన్నారు. వాళ్ల ఫోను నంబర్లు మీకు విడిగా పంపుతున్నాను, ఇక్కడ పెట్టను.